మియావో వెండి, డోంగ్ మెరుపు బట్ట, బై ముడి అద్దకం: దేనికి డబ్బు పెట్టాలి?

2025 అక్టోబరు చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరు విమానం మళ్లీ మొదలైంది. గ్వాంగ్‌జౌ నుంచి గ్వియాంగ్ వెళ్లే హైస్పీడ్ రైలు 2014 డిసెంబరు నుంచి నడుస్తోంది. ఆ దారి సరిగ్గా గ్వీజౌ రాష్ట్రంలోని డోంగ్, మియావో అనే అల్పసంఖ్యాక జాతుల ఊళ్ల పక్కనుంచే పోతుంది. పక్కనున్న యున్నాన్‌లో దాలీ దాకా కూడా 2018లో హైస్పీడ్ రైలు వచ్చేసింది. కాబట్టి వ్యాపారం పని మీదో చదువు పని మీదో చైనా వెళ్లి, నాలుగు రోజులు చేతిలో ఉన్నవారికి ఈ కొండ ప్రాంతాలు ఇప్పుడు అందని దూరమేమీ కాదు.

అక్కడ దిగగానే ఎదురయ్యే చిక్కు మాత్రం ఒకటుంది. షీజియాంగ్ లాంటి మియావో పర్యాటక గ్రామంలో వీధి పొడవునా దుకాణాలే. ఒకదాంట్లో వెండి కొమ్ముల కిరీటం, పక్కదాంట్లో ఎర్రటి కుట్టుపని జాకెట్టు, ఆ పక్కన నీలం బట్టల గుట్టలు. అమ్మేవాళ్లను అడిగితే అన్నీ చేత్తో చేసినవే, అన్నీ అమ్మమ్మల నాటివే. డబ్బూ పరిమితమే, పెట్టెలో చోటూ పరిమితమే. ఏది కొనాలి?

నా మాట ముందే చెబుతాను. పూర్తి వేషం కొనకండి, ఏదో ఒక్క పనితనాన్ని ఎంచుకుని కొనండి. మీరు మళ్లీ మళ్లీ వాడుకునే వస్తువు కావాలంటే మైనపు అద్దకం లేదా ముడి అద్దకం తీసుకోండి. దాచుకుని చూసుకునేది కావాలంటే కుట్టుపని ముక్క తీసుకోండి. వెండి జోలికి మాత్రం, చేసే చేతులను కళ్లారా చూశాకే వెళ్లండి.

పూర్తి వేషం ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. అధిక సంఖ్యాకులైన హాన్ ప్రజలు కాక 55 జాతులను చైనా అధికారికంగా గుర్తించింది. ఆ జాబితాలోకి చివరగా 1979లో వచ్చినవారు యున్నాన్‌లోని జీనోలు. బట్టల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క ఎందుకూ చాలదు. మియావో అన్న ఒక్క పేరు కిందే వంద రకాలకు పైగా వేషధారణలున్నాయి. లేషాన్ జిల్లాలో షీజియాంగ్ స్త్రీలు పండగనాడు పొడవాటి పావడా కడితే, అదే జిల్లాలో దాతాంగ్ వైపు స్త్రీలు జానెడు పొడవున్న మడతల పావడాలను ఒకదాని మీద ఒకటి పొరలుగా కట్టుకుంటారు. గ్వీజౌలోని కైలీ పట్టణం దగ్గరి గేజియాలను ప్రభుత్వం మియావోల్లో కలిపి లెక్కేస్తుంది, వాళ్లేమో తాము వేరే జాతి అంటారు. వాళ్ల నారింజ రంగు కుట్టుపని, సన్నటి మైనపు గీతలు చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. ఇన్ని తేడాలున్న చోట, దుకాణంలో వేలాడే ‘మియావో దుస్తులు’ ఏ ఊరివి? చాలాసార్లు ఏ ఊరివీ కావు. పాలిస్టర్ బట్ట మీద యంత్రంతో కుట్టి, తళుకులు అతికించిన ఫొటో వేషాలు అవి.

ఫొటో సరదా ఉంటే అద్దెకు తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. అలంకరణ చేసి, కిరీటం పెట్టి, వంతెన మీద నిలబెట్టి ఫొటో తీసే దుకాణాలు అడుగడుగునా ఉన్నాయి. అది ఒక పూట ముచ్చట, అక్కడితో సరి.

వెండి సంగతి

మియావో వెండిని చూసి కళ్లు చెదరని తెలుగువారు ఉండరేమో. బంగారం మీద మోజున్న మనకే అలా ఉంటుంది. గ్వీజౌ కొండల్లోకి ఈ వెండి ఎక్కువగా వ్యాపారం వల్ల వచ్చింది. మింగ్, చింగ్ వంశాల కాలంలో చింగ్‌షుయి నది మీద కలప దుంగలు దిగువకు తేలిపోయేవి, వాటి ధర వెండి రూపంలో ఎగువకు చేరేది. తర్వాతి రోజుల్లో వెండి నాణేలు కరిగించి కంటెలు, కడియాలు, ఛాతీ పలకలు చేయించుకున్నారు. ఇంటి ఆస్తంతా పండగనాడు పెళ్లికాని కూతురి ఒంటి మీద కనిపించేది. పూర్తి అలంకరణ పది కిలోలు దాటడం వింత కాదు.

దుకాణాల్లో ‘మియావో వెండి’ అన్న చీటీ ఉంటే అది లోహం స్వచ్ఛతకు హామీ అనుకోకండి. ఆ పేరుతో చవకగా అమ్మేవాటిలో చాలావరకు రాగి, నికెల్ కలిసిన మిశ్రమలోహమే, పైన వెండి పూత ఉంటే ఉంటుంది. నికెల్ పడనివారికి చెవులు దురదలు పెట్టి పుండ్లు పడతాయి కూడా. నిజమైన వెండి మీద ‘ఎస్ 925’, ‘ఎస్ 990’ వంటి ముద్ర ఉంటుంది, లేదా ‘జూ యిన్’ అన్న రెండు చైనా అక్షరాలుంటాయి. ఆ రెండక్షరాలకు అర్థం వెయ్యి పాళ్లలో కనీసం 990 పాళ్లు వెండి అని. నిజాయతీగల కంసాలి గ్రాముల్లో తూచి, మజూరీ విడిగా చెబుతాడు. వస్తువు మొత్తానికి ఒకే ధర చెప్పి, బేరమాడితే సగానికి దిగితే అక్కడ వెండి లేదనే లెక్క.

ముద్ర కూడా నకిలీ కావచ్చు. అందుకే లేషాన్ జిల్లాలోని కోంగ్‌బాయ్ లాంటి కంసాలుల ఊరికి వెళ్లడం మేలు. అక్కడ బల్ల ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. వెండి రేకును అచ్చు మీద పెట్టి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తుంటే సీతాకోకచిలుక పైకి ఉబుకుతుంది. మియావోల పురాణం ప్రకారం సీతాకోకచిలుక తల్లి పెట్టిన పన్నెండు గుడ్లలో ఒకదాని నుంచే మనిషి పుట్టాడు, అందుకే ఆ బొమ్మ చాలా నగల మీద కనిపిస్తుంది. తీగ పనైతే, కమ్మచ్చులో ఒక్కో కంత మారుస్తూ తీగను లాగి వెంట్రుకంత సన్నం చేస్తారు, రెండు తీగలు పెనవేసి చదును చేసి పూరేకుల చట్రంలో నింపుతారు. కరీంనగర్ వెండి తీగపని ఎరిగినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఆ కంటితోనే ఇక్కడా పరీక్షించవచ్చు. నగను తిరగేసి చూడండి. ముందువైపు ఉబ్బిన చోట వెనక గుంట ఉంటే అది కొట్టి చేసింది. వెనక చదునుగా, ఇసుక రాలినట్టు గరుకుగా ఉంటే పోత పోసింది. తీగ పనిలో అతుకుల దగ్గర చిన్న చిన్న తేడాలు కనిపించాలి, అన్ని రేకులూ ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టుంటే అనుమానించాలి.

కొనదలిస్తే జూకాలు, సన్నటి కడియం, జుట్టుకు పెట్టుకునే సూది. ఇవి మన చీర మీదకూ నప్పుతాయి. కొమ్ముల కిరీటం జోలికి మాత్రం వద్దు. రేకు పలచగా ఉంటుంది, ఒక్క దెబ్బకు వంగిపోతుంది, తీసుకొచ్చాక అది నిలబడేది అల్మారా మీదే.

కుట్టుపని: తక్కువ చోటు, ఎక్కువ గంటలు

పెట్టెలో అరచేయంత చోటుంటే నేను వెండి కంటే ముందు కుట్టుపనికే మొగ్గుతాను. మియావో స్త్రీల, గ్వీజౌలోనే ఉండే షుయి జాతి స్త్రీల పనితనం అంతటిది. వెతకదగ్గ రకాలు మూడు.

తైజియాంగ్ జిల్లా షిడోంగ్‌లో పట్టుదారాన్ని చీల్చి కుడతారు. ఒక్క పోగును ఎనిమిదీ పది పాయలుగా విడదీసి, కుంకుడు లాగా నురగనిచ్చే ఒక చెట్టుకాయ గుజ్జులోంచి లాగి నునుపు చేసి, కాగితం కత్తిరింపు మీద పరుస్తూ కుడతారు. పూర్తయ్యాక కుట్టినట్టు ఉండదు, రంగు పూసినట్టుంటుంది. వెలుతురులో అటూ ఇటూ వంచితే దారం దిశ మారిన చోటల్లా మెరుపు మారుతుంది. ఈ మెరుపు యంత్రపు కుట్టుకు రాదు.

జియాన్‌హే జిల్లాలో తగరంతో కుడతారు. తగరాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి, ముదురు నీలం బట్ట మీద ముందే వేసుకున్న దారపు గళ్లకు ఒక్కో ముక్కనూ కొక్కెంలా వంచి బిగిస్తారు. దూరం నుంచి చూస్తే వెండి పొడి చల్లినట్టు గీతల చిక్కుముడి కనిపిస్తుంది. దగ్గరకు తీసుకుంటే ఒక్కో చుక్కా ఒక లోహపు ముక్క. తగరం వెండిలా నల్లబడదు కాబట్టి చాలాకాలం అలాగే ఉంటుంది. అయితే మడత పెట్టకూడదు, చుట్టి ఉంచాలి.

మూడోది సాన్‌దూ జిల్లాలోని షుయి స్త్రీలది. మూడు నాలుగు గుర్రపు తోక వెంట్రుకలకు తెల్ల పట్టుదారం చుట్టి, ఆ తాడుతో బొమ్మల అంచులు తీర్చి, లోపల రంగుదారాలు నింపుతారు. దీంతో చేసే పసిపిల్లల వీపు జోలెకు ఏడాది దాకా పట్టవచ్చు. పూర్తి జోలె ధర విని వెనక్కి తగ్గినా, చిన్న సంచో కంఠహారపు బిళ్లో దొరుకుతుంది.

ఈ మూడూ చైనా జాతీయ స్థాయి వారసత్వ కళల జాబితాలో ఉన్నాయి కాబట్టి ఆ పేర్లు చెప్పి నకిలీలు అమ్మేవారూ ఉన్నారు. పరీక్ష తేలికే. తిరగేసి చూడండి. యంత్రపు కుట్టుకు వెనకంతా ఒకే రంగు దారం వరుసగా పరుగెడుతుంది. చేతి కుట్టుకు ముడులుంటాయి, రంగు మారిన చోట దారం ఆగి ఉంటుంది, కొన్నిసార్లు కాగితపు అంచు కూడా తొంగి చూస్తుంది. వెనకవైపు చూడనీయకుండా అట్టకు అతికించి అమ్మేదాన్ని అక్కడే వదిలేయండి.

మైనమా, ముడా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. గ్వీజౌలో దాన్‌జాయ్ మియావోల మైనపు అద్దకం, యున్నాన్‌లో దాలీ దగ్గరి జౌచెంగ్‌లో బై ప్రజల ముడి అద్దకం. రెండూ నీలం తెలుపుల ఆటే. రెండింటిలోనూ సంప్రదాయ పద్ధతిలో నీలిమందు తొట్టిలో బట్టను ముంచి, గాలికి ఆరబెట్టి, మళ్లీ ముంచి రంగు ముదిరేలా చేస్తారు. తేడా అంతా రంగు అంటకుండా బట్టను కాపాడే తీరులో ఉంది.

దాన్‌జాయ్‌లో తేనెమైనం కరిగించి, ఇత్తడి రేకులు పొదిగిన చిన్న కత్తితో బట్ట మీద గీస్తారు. బొమ్మ ముందుగా వేసుకోరు. గోటితో నాలుగు గుర్తులు పెట్టుకుని నేరుగా మొదలుపెడతారు. చేప కడుపులోంచి పువ్వు, పువ్వులోంచి పిట్ట, పిట్ట తోక దగ్గర సుడి. ఒకే ఊరిలో ఇద్దరు స్త్రీలు గీసిన గుడ్డలు ఒకేలా ఉండవు. ఉడకబెట్టి మైనం తీసేశాక తెల్లటి గీతలు బయటపడతాయి. మైనం పగిలిన చోట రంగు చొరబడి సన్నటి నీలి నరాలు కనిపిస్తాయి.

జౌచెంగ్‌లో బొమ్మను బట్ట మీద ముద్రించి, ఆ గీతల వెంట సూదిదారంతో కుట్టి, బిగించి లాగి ముడులు వేస్తారు. ఈ పని ఇళ్ల దగ్గర కూర్చుని ఆడవాళ్లు చేస్తారు. రంగయ్యాక ముడులు విప్పుతారు. మైనపు గీత కత్తితో గీసినట్టుంటే, ముడి గీత నీళ్లలో ఊరినట్టు అంచు మెత్తబడి ఉంటుంది.

ఒంటి మీద కట్టుకోవడానికి, టేబుల్ మీద పరుచుకోవడానికి, నలుగురికి కానుకలివ్వడానికి ముడి అద్దకం మేలు. మెత్తటి నూలు, ధర తక్కువ, కొలతలు కూడా రకరకాలు. బొమ్మల్లో మాత్రం వెరైటీ తక్కువ, పదో దుకాణానికి వెళ్లేసరికి అవే సీతాకోకచిలుకలు. ఒక్కటంటే ఒక్కటే కొనే శక్తి ఉంటే మాత్రం నేను మైనపు అద్దకమే కొంటాను. గీసిన మనిషి చెయ్యి అందులో కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని గీస్తున్న స్త్రీ దగ్గరే కొనగలగడం కూడా దాన్‌జాయ్ పల్లెల్లో సాధ్యమే.

నకిలీ గుర్తులు. తొట్టిలో ముంచిన బట్టకు రెండువైపులా రంగు సమానంగా ఉంటుంది, అచ్చు వేసినదానికి వెనక వెలిసిపోయి ఉంటుంది. మైనపు పగుళ్లు ఒక చోట ఉన్నట్టే జానెడు దూరంలో మళ్లీ కనిపిస్తే అది ముద్రణ. ముడి అద్దకంలో సూది కన్నాలు తడిమితే తెలుస్తాయి, కొత్త బట్ట ముడతలు ముడతలుగా ఉంటుంది. రసాయన రంగు వాడినంత మాత్రాన అది మోసం కాదు, చాలామంది వాడుతున్నారు. నీలిమందు ధర తీసుకుని రసాయన రంగు ఇస్తే అది మోసం. తడి తెల్లగుడ్డతో రుద్దితే నీలిమందు కొంచెమైనా అంటుతుంది, అది లోపం అనుకోకండి.

డోంగ్ మెరుపు బట్ట: చూసితీరాల్సింది, కొనేముందు ఆలోచించాల్సింది

గ్వీజౌలోని డోంగుల ఊరు జావోషింగ్ పేరు వినగానే అందరూ డోలు గోపురాలు, డోంగ్ బృందగానం చెబుతారు. ఆ గానం 2009లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ పాటకత్తెలు వేసుకునే బట్ట గురించి మాట్లాడేవారు తక్కువ. దూరం నుంచి తోలులా, దగ్గర నుంచి రాగిరేకులా ఉంటుంది. అది ఇంట్లో నేసిన నూలు బట్ట. నీలిమందులో ముంచి ఆరబెట్టడం రోజుల తరబడి సాగుతుంది. తర్వాత మడతపెట్టి రాతిపలక మీద వేసి చెక్క సుత్తితో బాదుతారు. ఎద్దుతోలు జిగురు, గుడ్డు తెల్లసొన పూస్తారు, మళ్లీ బాదుతారు. రంగులేసే కాలంలో వెళితే ఊళ్లో ఏ సందులో నిలబడినా దబదబమన్న ఆ మోత వినిపిస్తుంది. చివరికి నీలం మీద ఊదా, ఊదా మీద ఎరుపు జీర తేలుతుంది. వేలితో రాస్తే చర్రుమని శబ్దమొస్తుంది.

ఇంత అందమైన బట్టను మన ఎండల్లో కట్టుకోవడం కష్టం. గాలాడదు. చెమట తగిలితే మెడ, మణికట్టు నీలమవుతాయి. ఉతికితే మెరుపు పోతుంది, అందుకే అక్కడివారు పండగ చొక్కాను ఉతకరు. కాబట్టి చొక్కా బదులు మీటరు బట్ట తీసుకోండి. పుస్తకానికి అట్టగా, దీపం గుడ్డగా, చట్రంలో పటంగా వాడుకోవచ్చు. అసలుదా కాదా అన్న బెంగ ఇక్కడ తక్కువ. ఆ వాసన, ఆ శబ్దం యంత్రపు బట్టకు పట్టడం కష్టం. సమయం ఒక్క ఊరికే ఉందంటే కూడా నేను జావోషింగ్‌నే సూచిస్తాను, త్సోంగ్‌జియాంగ్ (Congjiang) స్టేషన్లో దిగితే దగ్గర.

దూరపు ప్రాంతాలవి, క్లుప్తంగా

షిన్‌జియాంగ్‌లోని హోతన్‌లో ఉయ్‌గుర్లు నేసే అట్లస్ పట్టు మనకు వరస కలిసేది. పోచంపల్లిలో లాగానే ముందు దారానికే ముడులు వేసి రంగు అద్ది, తర్వాత నేస్తారు. పోచంపల్లిలో పడుగూ పేకా రెండింటికీ రంగు అద్దిన రకం కూడా ఉంది, అట్లస్‌లో పడుగుకే అద్దుతారు. అందుకే బొమ్మ నిలువునా మంటలా సాగుతుంది. అసలు మగ్గపు గుడ్డ పన్నా అర మీటరు కూడా ఉండదు. వెడల్పాటి గుడ్డ మీద అదే డిజైన్ కనిపిస్తే చాలావరకు ముద్రించిన కృత్రిమ పట్టు. అమెరికాలో ఉండే మనవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. షిన్‌జియాంగ్‌లో తయారైన సరుకును బలవంతపు శ్రమతో చేసినదిగా భావించి దిగుమతిని అడ్డుకునే చట్టం అమెరికాలో 2022 జూన్ నుంచి అమల్లో ఉంది.

టిబెటన్ నగల్లో పగడం, అంబరు, మణిరాయి పేరుతో వీధిలో అమ్మేది ఎక్కువగా ప్లాస్టిక్, రంగేసిన రాయి. ‘టిబెట్ వెండి’ కథ ‘మియావో వెండి’ కథే. అసలు పగడమైతే సరిహద్దు దాటించడంలో చిక్కులున్నాయి. ఎర్ర పగడాల్లో నాలుగు జాతులను చైనా 2008లో అంతర్జాతీయ వన్యజీవి ఒప్పందం కిందికి తెచ్చింది. చిరుత, పులి చర్మపు అంచులున్న కోట్లు ఒకప్పుడు తూర్పు టిబెట్‌లోని ఖాం ప్రాంతపు ఉత్సవాల్లో హోదాకు గుర్తు. 2006 జనవరిలో మన అమరావతిలో జరిగిన కాలచక్ర ఉత్సవంలో దలైలామా వాటిని తొడగొద్దని గట్టిగా చెప్పారు. కొద్ది వారాల్లోనే టిబెటన్ ప్రాంతాల్లో జనం ఆ చర్మాలను కుప్పలు పోసి తగలబెట్టారు. ఇప్పటికీ ఎవరైనా చాటుగా చూపిస్తే అటువైపు వెళ్లకండి. టిబెటన్ వస్తువు కావాలంటే షాన్నాన్ ప్రాంతపు చారల ఉన్ని ఏప్రన్ చక్కటి ఎంపిక. సంప్రదాయంగా అది పెళ్లయిన స్త్రీలు కట్టేది. సోఫా మీద పరుచుకున్నా బాగుంటుంది.

హైనాన్ దీవికి వెళ్లేవారు లీ జాతి స్త్రీల నేత చూడాలి. నేల మీద కూర్చుని, కాళ్లతో తన్నిపట్టి, నడుముకు కట్టుకున్న మగ్గం మీద నేస్తారు. 2009లో యునెస్కో దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న కళగా నమోదు చేసింది, 2024లో ఆ ప్రమాద జాబితా నుంచి మామూలు జాబితాకు మార్చింది.

పాతవి కొనేవారికి

కైలీలోని పాతవస్తువుల దుకాణాల్లో వాడిన జాకెట్లు, జోలెలు, పావడా ముక్కలు దొరుకుతాయి. పనితనంలో కొత్తవాటిని వీటితో పోల్చలేం. కానీ చైనా నిబంధనల ప్రకారం 1966లో గానీ అంతకు ముందు గానీ తయారైన ముఖ్యమైన అల్పసంఖ్యాక జాతుల వస్తువులను దేశం దాటించకూడదు. అమ్మేవాడు ‘వందేళ్ల నాటిది’ అని ఊదరగొడితే, అది అబద్ధమైతే మీకు డబ్బు దండగ, నిజమైతే విమానాశ్రయంలో తంటా. 1980ల తర్వాత కుట్టినవాటిలోనే మంచివి బోలెడున్నాయి, వాటితో సరిపెట్టుకోండి.

దుకాణాల కంటే ముందు కైలీలోని జాతుల మ్యూజియంలో ఒక పూట గడిపితే కన్ను పదునెక్కుతుంది. షిడోంగ్ కుట్టు ఎలా ఉంటుందో, గేజియా మైనపు గీత ఎంత సన్నమో అక్కడ చూశాక సంతలో బేరం మీరే ఆడగలరు. తైజియాంగ్ ప్రాంతంలో చైనా చాంద్రమానం మూడో నెల పౌర్ణమికి, అంటే సాధారణంగా ఏప్రిల్లో, అక్కాచెల్లెళ్ల పండగ జరుగుతుంది. అప్పుడు వెళితే ఈ బట్టలూ నగలూ మనుషుల ఒంటి మీదే కనిపిస్తాయి, రద్దీ మాత్రం భరించాలి.

నీలిమందు బట్టలను తిరుగు ప్రయాణంలో విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఇంటికొచ్చాక మొదటి రెండు మూడుసార్లు చన్నీళ్లలో వేరుగా జాడించి నీడలో ఆరేయండి. డోంగ్ బట్టను మాత్రం నీళ్లకు చూపించకండి.